జోడాసాంకో తాతగారు

ఉత్తర కలకత్తాలోని జోడాసాంకో ఠాకూరువారి భవనములో ఒక వరండా. దానికి వరుసగా కొయ్య కమ్ములు. ఒక చిన్నవాడు కుర్చీ వేసుకొని, చేత బెత్తము పట్టుకొని, ఆ కమ్ములకు ప్రతిదినము పాఠము చెప్పుచుండెడివాడు. కమ్ములలో బుద్ధిమంతులును గలరు, మొద్దులును గలరు. మొద్దుల వీపులు చిట్లునట్లు పంతులుగారు బాదుచుండిరి. ఎంత బాదినను వారికి చదువబ్బలేదు. పంతులుగారి కోపము హెచ్చుటయే గాని తగ్గలేదు. నలుబది యేండ్లు గడచిన పిదప రవీంద్రనాథ ఠాకూరు తన ‘జీవనస్మృతి’లో ఈ ముచ్చట చెప్పుకొని నవ్వుకొనెను. బడిలో ఉపాధ్యాయుల విద్య పట్టువడుటకు చాలకాలము పట్టినది గాని, వారి కోపము మాత్రము మొదటి దినముననే వంటబట్టినదట.

1861 మే 7న ఆ భవనములోనే పుట్టిన రవీంద్రుడు ఓరియెంటల్ సెమినరీ, నార్మల్ స్కూలు, బెంగాల్ అకాడమీ, సెంట్ జేవియర్స్ అను నాలుగు బడులు చూచెను. ఒక్కదానిలోను నిలువలేదు. ఆ యింట పారసీ నేర్పు మున్షీ యొకడుండెను. ఎముకలపై చర్మము కప్పినట్లుండు ఆ ముసలివాడు తాను కఱ్ఱసాములోను గానములోను అసమానుడనని నమ్మెడివాడు. ఎండలో నిలిచి తన నీడతోనే కఱ్ఱసాము చేసెడివాడు. నీడ యెన్నడును గెలువలేదని వేఱుగ చెప్పనక్కఱలేదు. పిల్లలు వానిని బతిమాలి, బెంగాల్ అకాడమీ ప్రధానోపాధ్యాయునికి సెలవు చీటీలు వ్రాయించుకొనెడివారు. విద్యార్థి రవీంద్రునకు చదువు చెప్పినవారికన్న, చదువునుండి తప్పించిన ఈ మున్షీయే యెక్కువ కాలము జ్ఞాపకముండుట గమనింపదగినది. ఈతని ప్రసంగము మరల రాగలదు.

సాయంకాలములందు ఇంగ్లీషు చెప్పుటకు అఘోరబాబు ఇంటికి వచ్చెడివాడు. ఆయన వైద్యవిద్యార్థి, ఆరోగ్యము అమోఘము, ఒక్క దినమైనను నాగా లేదు. కుంభవృష్టి కురిసి వీథిలో మోకాలిలోతు నీరు నిలిచిన దినమున, ఈనాడు రారులే యని పిల్లవాడు గుండె చిక్కబట్టుకొని వీథి మలుపువైపు చూచుచుండును. అంతలో నల్లని గొడుగు కనబడును! ఆ గొడుగును రవీంద్రుడు జీవితములో మఱువలేదు. 1893లో వ్రాసిన ‘అసంభవ కథ’లో ఇదే సన్నివేశము మరల వచ్చినది. అందులో పిల్లవాడు జబ్బని తల్లితో బొంకి, పంతులను వెనుకకు పంపించి, అమ్మమ్మ యొద్దకు పోయి కథ చెప్పుమని పట్టుబట్టును. ఒకవైపు గొడుగు, ఒకవైపు అమ్మమ్మ మంచము. ఈ రెంటికిని నడుమ దూరము తగ్గింపవలెనను తలంపే రవీంద్రుని బాలసాహిత్యమునకెల్ల మూలమన్నచో పెద్ద తప్పుండదు. పంతులుగారు తాతగారు కాగలరా, తాతగారు పంతులుగారు కాగలరా అను ప్రశ్న ఆయనను ఎనుబదవ యేట గూడ విడువలేదు.

1885లో వదినగారైన జ్ఞానదానందినీదేవి సంపాదకత్వమున ‘బాలక్’ అను పత్రిక వెలువడినది. ఒక యేడు మాత్రమే స్వతంత్రముగ నడచి ‘భారతి’లో కలిసిపోయినది. అందు ఇరువదినాలుగేండ్ల రవీంద్రుడు పొడుపుకథలవంటి చిన్న నాటికలు వ్రాసెను. ఒక మాటను ముక్కలుగ విఱచి రంగములందు దాచుట, చూచువారు దానిని కనిపెట్టుట అందులోని ఆట. అవి 1907లో ‘హాస్యకౌతుకము’ అను పేర గ్రంథరూపము దాల్చినవి. అందొకదానిలో ఇంటియజమాని పిల్లవానిని పంతులుగారి యెదుటనే పరీక్షించును. ఉద్భిదమనగా నేమని అడుగగా, నేలను చీల్చుకొని పైకి వచ్చునదని పిల్లవాడు సరిగనే చెప్పును. ఉదాహరణ మడుగగా వానపామనును. వ్యుత్పత్తిలో తప్పేమున్నది? పంతులు బెత్తమెత్తును, యజమాని చివరకు తప్పు బెత్తమునందే గలదని తేల్చును.

తెలుగువారికి ఇచ్చట పరమానందయ్యగారి శిష్యులు స్ఫురింపక మానరు. ఆ కథలలో గురువు పండితుడు, శిష్యులు మూఢులు. నవ్వంతయు శిష్యులపై పడును. పిల్లలు ఆ కథలు విని విఱుగబడి నవ్వుదురు గాని, నవ్వునది తమవంటి విద్యార్థులనే యని యెఱుగరు. రవీంద్రుడు త్రాసును తలక్రిందులు చేసెను. పిల్లవాని తప్పు సమాధానములో ఒక యుక్తి గలదు. పంతులుగారి ఒప్పు ప్రశ్నలో అది లేదు. ఈ మార్పు చిన్నది కాదు.

1901 డిసెంబరులో శాంతినికేతనమున ఆయన స్వయముగ బడి పెట్టెను. మొదటి విద్యార్థులు ఐదుగురు. అందొకడు పెద్దకుమారుడు రథీంద్రనాథుడు. భార్య మృణాళినీదేవి తన నగలిచ్చి సాయపడినది. బడి పెట్టి యేడాది నిండకమునుపే, 1902 నవంబరులో, ఆమె కన్నుమూసినది. 1903లో రెండవ కుమార్తె రేణుక క్షయతో పోయినది. ఆ బిడ్డను గాలిమార్పునకై అల్మోడా తీసికొనిపోయిన కాలములోనే ఆయన ‘శిశు’ గీతములు వ్రాసెను. 1907 నవంబరులో చిన్నకుమారుడు శమీంద్రుడు పదునొకండేండ్లయినను నిండకుండ ముంగేరులో కలరా సోకి మరణించెను. పిల్లలను నవ్వించువాడు తీరికగల సుఖజీవి యని తలచుట లోకమునకు వాడుక. ‘హాస్యకౌతుకము’ అచ్చయినదియు ఆ 1907లోనే.

ఆ సంవత్సరమే దక్షిణారంజన మిత్ర మజుందారు ‘ఠాకుర్మార్ ఝులి’, అనగా నాయనమ్మ సంచి, ప్రచురించెను. తూర్పు బెంగాలు పల్లెలలో ముసలమ్మల నోట విని సేకరించిన కథలవి. పీఠిక వ్రాసినది రవీంద్రుడే. నాయనమ్మల కథలు అంతరించిపోవుచున్నవనియు, వారి స్థానమున విదేశపు దుకాణముల పుస్తకములు వచ్చి కూర్చున్నవనియు చింతించి, చివర ఒక చమత్కారము చేసెను. ఆధునికులైన అమ్మమ్మలకొఱకు వెంటనే ఒక బడి పెట్టవలెను. ఈ పుస్తకమే వారికి పాఠ్యగ్రంథము కావలెను. బడులనుండి పారిపోయిన మనిషి ముసలమ్మలను బడిలో వేయజూచుట వింతయే గాని, అందలి బాధ వేళాకోళము కాదు. బదిలీల మీద బదిలీలతో తాతలను రాజమహేంద్రవరమునను బరంపురమునను విడిచి, పిల్లలను కలకత్తా క్వార్టర్లలో పెంచిన ఉద్యోగుల యిండ్లలో ఆ బాధ యెంతటిదో వివరింప నక్కఱలేదు. ఆంధ్రదేశమున ఈ లోటు తీర్చుటకు న్యాపతి రాఘవరావు దంపతులు మదరాసు రేడియోలో పిల్లల యింటింట ప్రవేశించిరి. 1945లో ‘బాల’ పత్రిక నెలకొల్పిరి. వారు తాతయు నాయనమ్మయు గాక అన్నయ్యయు అక్కయ్యయు నైరి. వంగదేశమున మాత్రము ఆ పీఠము తాతగారిదే.

1908లో ఆశ్రమ విద్యార్థులకై వ్రాసిన ‘శారదోత్సవము’లో మొదటిసారిగ ‘ఠాకుర్దాదా’ రంగమునకు వచ్చెను. పితామహుని బెంగాలీలు పిలుచు పిలుపది. ఈ ముసలివాడు శరత్కాలపు సెలవులలో పిల్లల గుంపుతో తిరుగుచుండును. అందఱు పాడుచు ఆడుచుండగా ఉపనందుడను బాలుడొకడు మాత్రము చనిపోయిన తన గురువు ఋణము తీర్చుటకై చెట్టుక్రింద కూర్చుండి ప్రతులు వ్రాయుచుండును. తాతగారు ఆ పిల్లవానికి హితబోధ చేయలేదు. ఆటకు రమ్మని లాగలేదు. సన్న్యాసితోను పిల్లలతోను గూడి తానును వ్రాతకు కూర్చుండెను. పని ఆటయైనది. పీనాసి లక్షేశ్వరుని వేషమును ఆశ్రమమున గణితము, విజ్ఞానము బోధించిన జగదానంద రాయి ధరించెను. లెక్కలు తప్పినపుడు ఎవరి యెదుట వణకిరో ఆయననే రంగమున చూచి నవ్వు అవకాశము శిష్యులకు లభించినది. దానిని కల్పించినది గురువులే.

ఆ ముసలివాడు పిమ్మట రవీంద్రుని నాటకములనుండి వెడలిపోలేదు. ‘రాజా’లో వచ్చెను, ‘అచలాయతనము’లో దాదాఠాకురై, కిటికీలు మూసికొన్న విద్యాలయపు గోడలు కూల్చించెను. అన్నిటికన్న నిండుగ 1912లో వెలువడిన ‘డాక్‌ఘర్’లో కనబడును. అమలుడను బాలుడు రోగగ్రస్తుడు. శరత్కాలపు ఎండయు గాలియు తగులరాదని వైద్యుడు తలుపులు మూయించును. పిల్లలకు పిచ్చి యెక్కించునని తాతగారికి ఆ యింటిలో మంచిపేరు లేదు. కావున ఫకీరు వేషము వేసికొని వచ్చి, తాను చూచి వచ్చిన చిలుకల ద్వీపపు సంగతులు ఆ బాలునకు చెప్పును. పెంచిన తండ్రి మాధవుడు గుర్తుపట్టును; తాతగారు నెమ్మదిగ సైగచేయుదురు. పెద్దలిద్దఱి నడుమ జరిగిన ఆ సైగ చూచి ప్రేక్షకులు నవ్వుదురు.

ఈ నాటకములో మఱియొక నవ్వు గలదు. ఎదుటనున్న తపాలా కార్యాలయమునుండి రాజుగారు తనకు ఉత్తరము వ్రాయుదురని అమలుడు ఎదురుచూచుచుండును. ఊరిపెద్ద ఈ మాట విని, ఎగతాళికై వట్టి తెల్లకాగితము తెచ్చి, ఇదిగో రాజుగారి లేఖ యని పిల్లవాని చేతికిచ్చి నవ్వును. అచ్చటనున్న ఫకీరు ఆ కాగితము తీసికొని, ఔను, ఇది నిజముగ రాజుగారి లేఖయే, తానే స్వయముగ వచ్చుచున్నానని వ్రాసినారు, రాజవైద్యుని గూడ తెచ్చుచున్నారు, అని చదివి వినిపించును. ఇరువురును తెల్లకాగితముతోనే పరిహాసమాడిరి. ఒకడు పిల్లవానిని చూచి నవ్వెను. మఱియొకడు ఆ నవ్వును వాని చేతిలోనుండి లాగికొని పిల్లవానికి కానుకగ నిచ్చెను. పెద్దలు పిల్లలతో ఆడు వేళాకోళమంతయు ఈ రెండు తెగలలో ఏదో యొకదానికి చెందును. ఉపాధ్యాయుల గదులలో వినబడు హాస్యములో మొదటి తెగయే హెచ్చని ఒప్పుకొనక తప్పదు.

1917లో జోడాసాంకోలోని విచిత్రా భవనములో ఈ నాటకమాడినపుడు ఠాకుర్దా వేషము రవీంద్రుడే వేసెను. ఇరువదియైదేండ్ల పిదప ఈ నాటకమునకు ఆయన యూహింపలేని రంగస్థలము దొరకినది. పోలండు రాజధాని వార్సాలో నాజీలు యూదులను నిర్బంధించిన వాడలో యానుష్ కోర్చాక్ అను వైద్యుడు అనాథ బాలల గృహము నడుపుచుండెను. ఆయన ఉపాధ్యాయుడు, పిల్లల కథకుడు గూడ. 1942 జూలై 18న ఆ గృహములోని పిల్లలు ‘డాక్‌ఘర్’ ఆడిరి. మూడు వారములు గడువకమునుపే ఇంచుమించు 200 మంది పిల్లలతో కోర్చాక్‌ను ట్రెబ్లింకా వధ్యస్థలమునకు పంపివేసిరి. తాను తప్పించుకొను అవకాశములున్నను ఆయన పిల్లలను విడువలేదు. రవీంద్రుడు మరణించి అప్పటికి ఇంచుమించు ఒక సంవత్సరము.

శాంతినికేతనపు మాటకు వత్తము. ఆశ్రమములో చెప్పుకొను ముచ్చట యొకటి గలదు. నేపాల చంద్ర రాయి అను అధ్యాపకునకు గురుదేవునియొద్దనుండి ఒకనాడు చీటీ వచ్చినదట: తమ దోషమునకు దండమిచ్చెదము, రావలసినది. ఆయన కలతనిదురతో రాత్రి గడపి, వణకుచు వచ్చి నిలిచెను. రవీంద్రుడు గంభీరముగ లోనికిపోయి, ఆయన ముందునాడు మఱచిపోయిన చేతికఱ్ఱను తెచ్చి యిచ్చెను. దండమనగా శిక్షయు నగును, కఱ్ఱయు నగును గదా! ఈ శ్లేష తెలుగులోనికిని చెక్కుచెదరక వచ్చును. వరండా కమ్ములపై విఱిగిన ఆ బెత్తము చివరకు ఇట్టి దండమైనది.

వంగబాలుర మొదటి వాచకములలో ముందు నవ్వు లేదు. 1855 నాటి విద్యాసాగరుని ‘వర్ణపరిచయము’లో గోపాలుడు మంచివాడు, రాఖాలుడు చెడ్డవాడు, మన పెద్దబాలశిక్షవలె అది నీతికి పెట్టినది పేరు. 1897లో యోగీంద్రనాథ సర్కారు ‘హాసిఖుశి’తో అక్షరములకు చక్కిలిగింత పెట్టెను. ఆయనయు బడిపంతులే. 1930లో నందలాల్ బోసు బొమ్మలతో వచ్చిన రవీంద్రుని ‘సహజపాఠము’ అదే బాటలో ఇంకొక అడుగు.

కలకత్తాలో ఇంకొక కుటుంబము ఈ విద్యను మూడు తరముల ఆస్తిగ చేసికొన్నది. రవీంద్రుని మిత్రుడు ఉపేంద్రకిశోర రాయి చౌధురి 1913లో ‘సందేశ్’ అను పిల్లల పత్రిక స్థాపించెను. బెంగాలీలో ఆ మాటకు వార్త యనియు మిఠాయి యనియు అర్థములు. రెండవ అర్థము చేతనే పిల్లలు దానిని వార్తగ స్వీకరించిరి. కుమారుడు సుకుమార రాయి ఆ పత్రికలో అర్థములేని మాటలకు రాజ్యము కట్టెను. కాలా ఆజారుతో రెండేండ్లకుపైగ మంచమున నుండి, 1923 సెప్టెంబరు 10న ముప్పదియాఱవ యేట గతించెను. ‘ఆబోల్ తాబోల్’ తొమ్మిది దినముల పిదప వెలువడెను. అప్పటికి కుమారుడు సత్యజిత్తునకు రెండేండ్లు. తాత 1915లోనే పోయెను గనుక మనుమడు ఆయనను చూడనే లేదు. అయినను ఆ తాత ‘సందేశ్’లో వ్రాసిన గూపీ, బాఘాల కథ అచ్చులో నిలిచియున్నది. పిల్లలకొఱకు ఒక చిత్రము తీయుమని కుమారుడు సందీపుడు కోరగా సత్యజిత్ రాయి 1969లో దానినే చలనచిత్రము చేసెను. ఎన్నడును కలిసికొనని తాత కథ మునిమనుమని కోరికపై వెండితెర కెక్కినది. 1961లో ‘సందేశ్’ను పునరుద్ధరించినదియు ఆయనయే.

రవీంద్రునకు నిజమైన మనుమరాలి సాంగత్యము వృద్ధాప్యమున లభించెను. రథీంద్రనాథ ప్రతిమాదేవుల పెంపుడు కుమార్తె నందిని. ఇంట పూపే యని పిలిచెడివారు. తాతగారు ఆమెకు ఒక మనిషిని కల్పించి యిచ్చెను. వానికి పేరులేదు, ‘సే’, అనగా వాడు. రాజు కాడు, రాకుమారుడు కాడు, ఒట్టి మాటలతో చేసిన మనిషి. 1937లో రవీంద్రుడు తానే బొమ్మలు గీసి ఆ పేరుతో పుస్తకము ప్రకటించెను. మనిషి కాగోరి తోక పోగొట్టుకొన్న నక్క, ఒంటిమీది నల్లచారలు కడుగుకొనుటకు గ్లిసరిన్ సబ్బు కోరిన పులి అందు గలవు. తాతగారు చెప్పుకొనిపోవుచుండ మనుమరాలు నడుమ తప్పులు దిద్దును, కాదనును, అయితే తరువాత యేమైనదని నిలదీయును. ఆమె నమ్మనిచో కథ కదలదు. పూర్తిగ నమ్మినచో హాస్యము చచ్చును. ఈ రెంటి నడుమ తీగమీద నడచుటయే తాతగారి విద్య. నందలాల్ బోసు బొమ్మలతో ‘ఛడార్ ఛబి’, తన బొమ్మలతోనే ‘ఖాప్‌ఛాడా’ ఆ యేడే వచ్చినవి. రెండవదానిని హాస్యరచయిత రాజశేఖర బసుకు అంకితమిచ్చెను.

మానవశాస్త్రజ్ఞుడు రాడ్‌క్లిఫ్ బ్రౌన్ 1940లో పరిహాసపు బంధుత్వములనుగూర్చి ఒక వ్యాసము వ్రాసెను. శిక్షించు భారము తలిదండ్రులది గనుక వారియెడ భయభక్తులు, తాతలయెడ చనువు పరిపాటియని అందు వివరించెను. మనుమరాలిని నన్ను పెండ్లాడెదవా యని అడిగి ఏడిపించు తాతలు గల తెలుగువారికిని బెంగాలీలకును ఇది శాస్త్రము చెప్పకమున్నే తెలిసిన సంగతి. రవీంద్రుని కష్టమేమనగా ఆయన తాతయు, బడి నడుపువాడును గూడ. శిక్షించు అధికారము చేతనుండగా చనువు నిలుపుకొనుట పితామహులందఱికిని వచ్చిన పరీక్ష కాదు. ‘సే’ చివరకు పూపే పెద్దదైనది. పులికథలు ఆమెకు చాలవు. తాతగారికి తెలిసియే కథ రంగు మార్చెను. ఆ భాగములందలి దిగులు పిల్లలకు తెలియదు, పెద్దలకు దాగదు.

1932లో జర్మనీలో చదువుచున్న దౌహిత్రుడు నీతీంద్రుడు క్షయతో మరణించెను. ‘సే’ దాని తరువాతి పుస్తకము. 1940లో పిల్లలకై తన బాల్యము చెప్పుచు ‘ఛేలేబేలా’ వ్రాసెను. 1941 వేసవిలో, తానై కలము పట్టలేని స్థితిలో, ‘గల్పసల్ప’ వెలువడెను. అందు వినునది కుసుమి యను బాలిక. చెప్పునది ఎనుబదేండ్ల తాత.  తన చిన్ననాట జోడాసాంకో యింట తిరుగాడిన మనుష్యులును అందు పాత్రలు. ఆ యింటనే ఎచ్చటనో రాజుగారి కోట గలదని నమ్మించిన తోటి బాలిక యొకతె. మఱియొక కథలో మున్షీ. కఱ్ఱసాము మున్షీయే, డెబ్బదియేండ్ల క్రిందట సెలవు చీటీలు వ్రాసి యిచ్చినవాడే.

ఆ యేడు జూలై 25న రవీంద్రుని శస్త్రచికిత్సకై శాంతినికేతనమునుండి కలకత్తాకు తెచ్చిరి. జూలై 30న జోడాసాంకో యింటనే శస్త్రచికిత్స జరిగినది. ఆగస్టు 7న మధ్యాహ్నము ఆ యింటనే కన్నుమూసెను. 1962నుండి ఆ ప్రాంగణము రవీంద్రభారతి విశ్వవిద్యాలయముదైనది. మున్షీ మాత్రము ‘గల్పసల్ప’లో ఎండలో నిలిచి కఱ్ఱ త్రిప్పుచునేయున్నాడు, కుసుమి ప్రశ్నలు వేయుచునేయున్నది.